సంతానము కొరకు వైద్యము: ఖర్చు ఎవరిది? నిర్ణయము ఎవరిది?



పెండ్లి జరిగి ఏడాది తిరిగేసరికి కొత్త కోడలిని "ఏమైనా విశేషమా?" అని అడగటం మన పల్లెల్లో మామూలు. రెండేళ్ళు గడిస్తే అడగటం మాని గుసగుసలు మొదలుపెడతారు. అయిదేళ్ళు గడిస్తే శుభకార్యములకు ఆమెను పిలవాలా వద్దా అని ఆలోచిస్తారు. ఇదంతా మనకు తెలిసినదే. అయితే ఆ ఇంటిలో భార్యాభర్తలు రాత్రివేళ పిల్లలను గూర్చి మాత్రమే మాట్లాడుకుంటారని అనుకోవద్దు. డబ్బును గూర్చి కూడా మాట్లాడుకుంటారు. ఏ ఆసుపత్రికి వెళ్ళాలి? ఎంత అవుతుంది? ఎవరిని అడగాలి? ఈసారి కూడా కాకపోతే ఏమి అమ్మాలి? ప్రార్థన మనవులలో సంఘమునకు చెప్పేది మొదటి సగము. ఈ రెండవ సగము ఎవ్వరికీ చెప్పరు.

ఆ రెండవ సగమును గూర్చి ఈ నెల వ్రాస్తున్నాము. సంతానము కొరకు చేయించుకునే వైద్యమునకు బీమా ఉన్నదా, లేదా అనే ఒక్క సంగతి కుటుంబము తీసుకునే నిర్ణయములను ఎంతగా మారుస్తుందో మన కూడికలలో మాట్లాడుకోవటం బహు తక్కువ. మేము దీనిని చదివిన మాటలను బట్టి మాత్రమే వ్రాయటం లేదు. మాకు పెండ్లి అయి 17 సంవత్సరములు. మాకు సంతానము లేదు.

మా ఇంటి సంగతి

పెండ్లి అయిన నాలుగవ సంవత్సరములో మేము ఇద్దరమూ పరీక్షలు చేయించుకున్నాము. మా శ్రీమతికి రెండు గర్భనాళములూ మూసుకుపోయినవని తెలిసింది. చిన్నతనములో వచ్చిన క్షయ లోపలికి పాకి ఉంటుందని డాక్టరమ్మగారు చెప్పారు. మన దేశములో నాళములు మూసుకుపోవటానికి క్షయ ఒక ముఖ్య కారణమని మాకు అప్పుడే తెలిసింది. ఈ స్థితిలో మాత్రలతో ప్రయోజనము ఉండదు, ఐ.వి.ఎఫ్. చేయించుకోవాలి అన్నారు.

ఐ.వి.ఎఫ్. అంటే మనం టెస్ట్ ట్యూబ్ పద్ధతి అని పిలిచేదే. స్త్రీకి పది పన్నెండు రోజులు ఇంజక్షన్లు ఇచ్చి ఒకేసారి అనేక అండములు పెరిగేటట్లు చేస్తారు. వాటిని సూదితో తీసి, ల్యాబులో భర్త వీర్యకణములతో కలుపుతారు. ఏర్పడిన పిండమును మూడు నుండి అయిదు రోజుల తరువాత గర్భములో ఉంచుతారు. 1978 జూలై 25న ఇంగ్లండులో ఈ పద్ధతిని బట్టి మొదటి బిడ్డ పుట్టింది. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ గారి ప్రయత్నము వలన మన దేశములో ఒక ఆడబిడ్డ పుట్టింది.

డాక్టర్లు దీనిని సైకిల్ అంటారు, మనం విడత అందాము. ఈనాడు ప్రైవేటు కేంద్రములలో ఒక్క విడతకు సాధారణంగా లక్షన్నర నుండి రెండున్నర లక్షల రూపాయల వరకు అవుతున్నది. ఒక్క విడతతోనే తప్పక ఫలిస్తుందని ఏ మంచి డాక్టరూ మాట ఇవ్వరు. వయస్సు పెరిగే కొలది అవకాశము తగ్గుతుంది. నలభై దాటిన తరువాత స్వంత అండములతో అయితే చాలా తక్కువ.

మేము వెళ్ళిన రోజులలో మాకు సంఘము ఇచ్చే వేతనము నెలకు ఎనిమిది వేలు. ఒక విడతకు లక్షా అరవై వేలు అయినది. మా శ్రీమతి గాజులు, పాడుకున్న చీటీ, బావమరిదిగారి దగ్గర తీసుకున్న చేబదులు, అన్నీ కలిపి కట్టాము. పిండము ఉంచిన పద్నాలుగవ రోజున రక్తపరీక్ష చేసి, నిలవలేదని చెప్పారు. రెండవసారి ప్రయత్నించవచ్చు అన్నారు. మా అత్తగారు తన పేరునున్న అర ఎకరము అమ్ముతానని కూర్చున్నారు. మేము వద్దన్నాము. అక్కడితో ఆగిపోయాము.

ఆగిపోయాము అని వ్రాస్తున్నాము గాని, మేము ఆగామా, డబ్బు మమ్ములను ఆపినదా అన్నది చాలా కాలము మాకే తెలియలేదు. ఇంకొక్కసారి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో అనే తలంపు ఆదివారము చిన్నపిల్లలను చేతులలోకి తీసుకుని ప్రతిష్ఠ ప్రార్థన చేసే ప్రతిసారీ వచ్చేది. "ఇక చాలు" అనే మాట భార్యాభర్తలు దేవుని సన్నిధిలో కూర్చుని, ఆలోచించుకుని చెప్పుకోవలసిన మాట. మా విషయములో ఆ మాటను మా కంటే ముందు చేతిలో మిగలని రూపాయి చెప్పింది. బీమా అనే మాటలో ఉన్న బరువు మాకు అర్థమైనది అప్పుడే.

మన దేశములో బీమా ఏమి చెప్పుతున్నది

ఆరోగ్య బీమా తీసుకున్నవారు పాలసీ కాగితములలో వెనుక పేజీలు చదవటం అరుదు. దేశమంతటా బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ 2019లో అందరికీ ఒకే రకమైన మినహాయింపుల జాబితాను ఇచ్చింది. అందులో 17వది సంతానలేమి. ఐ.వి.ఎఫ్., కృత్రిమ గర్భధారణ, అద్దె గర్భము, కుటుంబ నియంత్రణ ఆపరేషనును తిరిగి విప్పించుకోవటం, ఇవన్నీ ఆ ఒక్క అంకె క్రింద ఉన్నవి. కనుక ఏటా ప్రీమియము కట్టుచున్నవారు కూడా ఈ వైద్యమునకు వెళ్ళినప్పుడు ఖాళీ చేతులతో తిరిగి రావలసి వస్తుంది. కొన్ని కంపెనీలు దీనిని ప్రత్యేకముగా చేర్చి ఇస్తున్నవి గాని, పాలసీ తీసుకున్న తరువాత రెండు మూడేళ్ళు ఆగాలి, ఇచ్చే మొత్తమునకు హద్దు ఉంటుంది.

ప్రభుత్వ పథకముల సంగతి చూద్దాము. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మన పల్లెల్లో ఎందరి గుండె ఆపరేషన్లకు ఆసరా అయినదో మనకు తెలుసు. ఆ కార్డు చేతిలో పెట్టుకుని టెస్ట్ ట్యూబ్ వైద్యమునకు వెళ్ళినవారు మాత్రము "ఇది దానికి వర్తించదు" అనే మాట విని వచ్చారు. కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ పథకములో కూడా సంతానలేమి చికిత్సలు మినహాయింపులలో ఉన్నవి. ఆ కేంద్ర ప్రభుత్వమే తన ఉద్యోగులకు 2011 నుండి ఐ.వి.ఎఫ్. ఖర్చును ఒక హద్దు వరకు తిరిగి ఇస్తున్నది. అప్పుడు పెట్టిన హద్దు విడతకు 65,000 రూపాయలు, మూడు విడతల వరకు. అంటే ఒకే ఊరిలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండి, ఒకరి భర్త కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, మరొకరి భర్త కౌలు రైతు అయితే, ఇద్దరి జబ్బూ ఒకటే అయినా వారి యెదుట ఉన్న దారులు వేరు.

ఇది అరుదైన బాధ అని కూడా అనలేము. పెద్దవారిలో సుమారు ఆరుగురిలో ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలియజేసింది. నూరు కుటుంబములున్న సంఘములో ఎన్ని ఇండ్లలో ఈ కన్నీరు ఉంటుందో లెక్క వేసుకోవచ్చు.

ఖర్చు భరించే చేయి మారితే ఏమి జరుగుతుంది?

"బీమా ఉన్నంత మాత్రాన మనసులు మారతాయా అయ్యగారూ? పిల్లలు కావాలనే కోరిక కోరికేగా?" అని మా సంఘ పెద్ద ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. బీమా పూర్తిగా ఉన్న దేశములనూ, ఉండి తీసివేసిన దేశములనూ చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

మొదటిది, వెళ్ళాలా వద్దా అనే నిర్ణయము. జర్మనీలో 2003 వరకు ప్రభుత్వ బీమా నాలుగు విడతల ఖర్చు పూర్తిగా భరించేది. 2004 జనవరి నుండి మూడు విడతలకు, అదీ సగము ఖర్చు మాత్రమే ఇస్తామన్నారు. నియమము మారబోతున్నదని తెలిసి 2003లో జనము త్వరపడి వెళ్ళారు. మరుసటి సంవత్సరము విడతల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఒక్క ఏడాదిలో జర్మనీ స్త్రీలకు పిల్లల మీద కోరిక సగమైపోదు కదా! కోరిక అలాగే ఉన్నది, తలుపు సగము మూసుకున్నది.

మన ప్రాంతము నుండి అమెరికా వెళ్ళిన పిల్లలున్న తల్లిదండ్రులకు ఇది మరొక విధముగా తెలుసు. న్యూజెర్సీలో 2001లో చేసిన చట్టమును బట్టి యాభై మందికి పైగా ఉన్న గ్రూపు బీమాలు ఐ.వి.ఎఫ్.ను చేర్చాలి. తెలుగువారు విస్తారముగా ఉన్న టెక్సాసులో 1987 నాటి చట్టము ఉన్నది గాని, బీమా కంపెనీ అది కావాలా అని యజమానిని అడిగితే చాలు, యజమాని వద్దనవచ్చు. పైగా పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల వైద్య ఖర్చును స్వంత నిధి నుండి భరించేటట్లయితే ఇలాంటి రాష్ట్ర చట్టములు వాటికి వర్తించవు. అందుచేత ఒకే చదువు చదివిన పిల్లలలో ఒకరు ఈ వైద్యమును నిశ్చింతగా చేయించుకుంటుంటే, మరొకరు సెలవు పెట్టి హైదరాబాదుకో, విజయవాడకో రావాలని ఆలోచిస్తారు.

రెండవది, ఎన్ని పిండములు ఉంచాలి అనే నిర్ణయము. ఇది చాలామందికి తెలియని సంగతి, ప్రాణములతో కూడిన సంగతి. చేతి డబ్బు పెట్టుకున్నవారు "ఇది మాకు ఒక్కటే అవకాశము" అనుకుంటారు. కనుక రెండో మూడో పిండములు ఉంచమని వారే అడుగుతారు. ఒకటైనా నిలుస్తుందని వారి ఆశ. రెండూ నిలిస్తే కవలలు, మూడూ నిలిస్తే ముగ్గురు. విన్నవారు సంతోషిస్తారు గాని, కవల గర్భములో తల్లికి రక్తపోటు, నెలలు నిండకముందే కాన్పు, తక్కువ బరువు అనే అపాయములు ఎక్కువ. ఏడవ నెలలో పుట్టిన ఇద్దరు శిశువులను ప్రైవేటు ఆసుపత్రిలో వారముల తరబడి బాక్సులో ఉంచితే అయ్యే ఖర్చు ఐ.వి.ఎఫ్. ఖర్చును కూడా మించిపోవచ్చు.

బెల్జియం దేశము దీనికి ఒక ఉపాయము చేసింది. 2003 జూలై నుండి ఆరు విడతల వరకు ల్యాబు ఖర్చు ప్రభుత్వ బీమా భరిస్తుంది. అందుకు బదులుగా 36 సంవత్సరముల లోపు స్త్రీకి మొదటి విడతలో ఒక్క పిండమే ఉంచాలి అన్నారు. అంతకు ముందు ఐ.వి.ఎఫ్. గర్భములలో నాలుగింట ఒకటి కవలలో, అంతకంటే ఎక్కువమందో. ఆ తరువాత సుమారు పదింట ఒకటికి తగ్గింది. గర్భములు నిలవటం మాత్రము చెప్పుకోదగినంతగా తగ్గలేదు. నెలలు నిండని శిశువుల కొరకు పెట్టే ఖర్చు మిగిలినది గనుక ఆ డబ్బే ఈ వైద్యమునకు సరిపోతుందని వారు ముందే లెక్క వేశారు. ఇంకొక అవకాశము ఉన్నదని తెలిసిన తల్లి ఒక్క పిండముతో తృప్తిపడగలదు. లేదని తెలిసిన తల్లి తన ప్రాణమునే పణముగా పెడుతుంది.

మూడవది, ఎప్పుడు అనే నిర్ణయము. ఇశ్రాయేలు దేశములో స్త్రీకి 45 సంవత్సరముల వయస్సు వరకు, ఆ దంపతులకు ఇద్దరు పిల్లలు కలిగే వరకు ఐ.వి.ఎఫ్. ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుంది. 1994లో ఈ సదుపాయము ఏర్పడిన తరువాత అక్కడి స్త్రీలు మునుపటికంటే ఆలస్యముగా పెండ్లి చేసుకుంటున్నారని, చదువుకు ఎక్కువ కాలము ఇస్తున్నారని 2021లో ప్రచురించిన ఒక పరిశోధన తేల్చింది. ముందు దారి ఉన్నదనే ధైర్యము ఈనాటి నిర్ణయమును మారుస్తుంది. అయితే బీమా అండమును యౌవనముగా ఉంచలేదు. ఖర్చు అడ్డు లేనిచోట ఎంతవరకు ప్రయత్నించాలి అనేది మరొక బరువైన ప్రశ్నగా మిగులుతుంది.

మన పల్లెల్లో దీనికి తలక్రిందులుగా జరుగుతున్నది. ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు ఐ.వి.ఎఫ్. అవసరమని తెలిసిన అమ్మాయి, డబ్బు కూడబెట్టుకుని వెళ్ళేసరికి ముప్పై ఆరు. డబ్బు కూడింది గాని వయస్సు కరిగిపోయింది. అప్పుడు ఒక విడతతో కావలసినది మూడు విడతలు అడుగుతుంది. ఆలస్యమునకు కూడా వడ్డీ ఉన్నది, ఆ వడ్డీని స్త్రీ శరీరము కట్టుచున్నది.

మా దగ్గరకు వచ్చిన ఒక జంట

రెండేళ్ళ క్రితము ఒక శనివారము సాయంత్రము మా సంఘములోని ఒక జంట మా ఇంటికి వచ్చారు. ఆమెకు 29, అతనికి 34 సంవత్సరములు. పెండ్లి అయి ఏడేళ్ళు. స్వంత భూమి ఒక్క ఎకరము, మరి మూడెకరములు కౌలు. పట్నములో ఒక కేంద్రములో రెండు లక్షలు అవుతుందన్నారట. "ఎకరం బేరం పెట్టామయ్యగారూ. ప్రార్థన చేయండి, అడ్వాన్సు తీసుకుంటాము" అని అతను అన్నాడు. ఆమె ఏమీ మాట్లాడలేదు, కొంగుతో చేతులు తుడుచుకుంటూ కూర్చున్నది.

ప్రార్థనకు ముందు మా శ్రీమతి ఒక మాట అడిగారు. "తమ్ముడూ, నీకు పరీక్ష చేశారా?"

"ఆయనకెందుకమ్మగారూ? ఆయన బాగానే ఉన్నారుగా" అని ఆమె చటుక్కున అన్నది. మూడేళ్ళుగా ఆమె ఒక్కతే మాత్రలు మింగుతున్నది. అతనికి ఒక్క పరీక్ష కూడా జరగలేదు. సంతానము లేని జంటలలో సుమారు సగము మందిలో పురుషుని లోపము కూడా ఉంటుందని, ఆ పరీక్షకు కొన్ని వందల రూపాయలే అవుతాయని చెప్పాము. అతను తల వంచుకున్నాడు. మేము బలవంతము చేయలేదు. ఆ వారములోనే అతను తనంతట తాను జిల్లా ఆసుపత్రికి వెళ్ళాడు. వీర్యకణముల సంఖ్య తక్కువగా ఉన్నదని, వృషణముల దగ్గర నరములు ఉబ్బి ఉన్నవని చెప్పారు. ప్రభుత్వ ఆసుపత్రిలోనే చిన్న ఆపరేషన్ చేశారు. ఎకరము బేరము ఆగింది.

ఇంతటితో బిడ్డ పుట్టెనని వ్రాయాలని మాకూ ఉన్నది, గాని జరిగినది జరిగినట్టే వ్రాయాలి. ఏడాది చూశారు, కాలేదు. అప్పుడు ఐ.వి.ఎఫ్.కు వెళ్ళారు. వెళ్ళకముందు ఇద్దరూ మా యెదుట కూర్చుని ఒక కాగితము మీద మూడు మాటలు వ్రాసుకున్నారు. ఎకరము ముట్టుకోము. ఒక్క విడతే. పిండము ఒక్కటే ఉంచమని అడుగుతాము, మిగిలితే దాచమంటాము. పంట డబ్బు కొంత, డ్వాక్రా అప్పు కొంత కలిపి కట్టారు. డాక్టరుగారు వారి మాట విని గౌరవించారు. మంచి పిండములు రెండు వచ్చాయి. ఒకటి ఉంచారు, నిలవలేదు. రెండవది చల్లని పెట్టెలో దాచి ఉన్నది. దానిని ఉంచటానికి కొత్త విడతంత ఖర్చు కాదు. మినుము చేతికి వచ్చిన తరువాత వెళ్తామని చెప్పారు.

మొన్న ఆ అమ్మాయి మా శ్రీమతితో అన్న మాట ఇది. "అయినా కాకపోయినా, ఇది మేము అనుకున్నదే అమ్మగారూ. ఎవరూ తోసింది కాదు." ఆ మాట కొరకే ఈ వ్యాసము వ్రాస్తున్నాము. వారికి బీమా లేదు. అయినను "చాలు" అనే మాటను వడ్డీ వ్యాపారి చేతికి ఇవ్వకుండా తమ దగ్గర ఉంచుకున్నారు.

కుటుంబములకు కొన్ని మాటలు

1. ఏడాదిపాటు కలిసి కాపురము చేసి గర్భము రాకపోతే, భార్యకు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి పరీక్షకు వెళ్ళండి. భర్త పరీక్ష సులభము, చౌక. దానిని చివరకు పెట్టవద్దు.

2. మొదటి పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రులలో చేయించుకోవచ్చు. సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రమును ప్రారంభించారు. ఏ సేవలు అందుచున్నవో ముందుగా కనుక్కుని ప్రయాణమవ్వండి.

3. ఉద్యోగులైతే మీ ఆఫీసు వైద్య నిబంధనలు చదవండి. ఆరోగ్య బీమా కొత్తగా తీసుకునేవారు ఏజెంటును "ఇందులో సంతానలేమి చికిత్స ఉన్నదా? ఎన్నాళ్ళు ఆగాలి? ఎంతవరకు ఇస్తారు?" అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబు పాలసీ కాగితములో చూపించమనండి.

4. కేంద్రము 2021 నాటి చట్టము క్రింద రిజిస్టరు అయినదో లేదో చూడండి. ఆ చట్టమును బట్టి ఈ వైద్యమునకు స్త్రీకి 21 నుండి 50, పురుషునికి 21 నుండి 55 సంవత్సరములు హద్దు. "తప్పక పుడతారు, గ్యారంటీ" అనే బోర్డులు చూసి మోసపోవద్దు.

5. మొత్తము ఖర్చు కాగితము మీద వ్రాయించుకోండి. మందులు, స్కానింగులు, పిండములు దాచే రుసుము, రెండవసారి ఉంచే ఖర్చు, అన్నీ వేరు వేరుగా అడగండి.

6. ఎన్ని పిండములు ఉంచుతారని అడగండి. ఒకటి ఉంచి మిగిలినవి దాచటం వీలవుతుందా అని అడగటానికి భయపడవద్దు.

7. మొదటి రూపాయి కట్టకముందే, ఎంతవరకు వెళ్తామో, ఏది అమ్మబోమో భార్యాభర్తలు కలిసి వ్రాసుకోండి. ఆశ భంగమైన రోజున ఈ లెక్క వేయలేము. ముందే వేసుకోవాలి.

8. దత్తత క్రైస్తవులకు చట్టప్రకారము లేదని ఇంకా కొందరు అనుకుంటున్నారు. 1890 నాటి చట్టము క్రింద మనం సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగిన రోజులు ఉండేవి. ఇప్పుడు 2015 నాటి బాలల న్యాయ చట్టమును బట్టి ఏ మతమువారైనా చట్టబద్ధముగా దత్తత తీసుకోవచ్చు. ఆ బిడ్డకు కన్నబిడ్డతో సమానమైన హక్కులు ఉంటాయి. ఓడినవారి దారి అని దానిని చూడవద్దు. మొదటి రోజు నుండే మాట్లాడుకోదగిన దారి అది.

సంఘము చేయవలసినది

సంఘము బీమా కంపెనీ కాదు. కానుకల సంచి ఐ.వి.ఎఫ్. ఖర్చు భరించలేదు. అయితే నిర్ణయము మీద పడే బరువులలో డబ్బు ఒకటైతే, మన నోరు మరొకటి. అప్పు చేసి రెండవ విడతకు, మూడవ విడతకు పరుగెత్తేవారిలో ఎందరు నిజముగా తమ కోరికను బట్టి వెళ్తున్నారు, ఎందరు అత్తగారి మాటను, తోడికోడలి చూపును, మన "విశేషమా?" అనే పలకరింపును తట్టుకోలేక వెళ్తున్నారు? హన్నాను పెనిన్నా సూటిపోటి మాటలతో ఏడిపించిన సంగతి చదివి కన్నీరు కారుస్తాము. మందిరము మెట్లు దిగుతూనే మనమే ఆ మాటలు అంటాము. పరీక్ష చేయించుకున్న పురుషుని గూర్చి వెనుక నవ్వేవారు కూడా మనలో ఉన్నారు. ఆ నవ్వుకు భయపడే ఎందరో భర్తలు కొన్ని వందల రూపాయల పరీక్షను తప్పించుకుని, భార్యల చేత వేల రూపాయల మాత్రలు మింగిస్తున్నారు.

స్త్రీల సమాజములో ఏడాదికొకసారి ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరమ్మను పిలిచి ఈ సంగతులు మాట్లాడించవచ్చు. పెండ్లికి ముందు జరిగే బోధలో భార్యాభర్తలిద్దరి పరీక్షను గూర్చి, క్షయను ఆలస్యము చేయకుండా పూర్తిగా నయము చేసుకోవటం గూర్చి చెప్పవచ్చు. ఆగిపోయిన జంటను "విశ్వాసము చాలలేదు" అనకుండా, వారి నిర్ణయమును ఒక కుటుంబపు గౌరవమైన నిర్ణయముగా అంగీకరించవచ్చు. వీటికి ప్రీమియము అక్కరలేదు. ఇక పథకములలో ఈ వైద్యమును చేర్చమని మన ఎమ్మెల్యేగారికి, కలెక్టరుగారికి ఒక అర్జీ ఇవ్వటం పౌరులుగా మన హక్కు. కంటి శుక్లము ఒకప్పుడు వయస్సు వలన వచ్చే గ్రుడ్డితనము అనుకున్నాము, ఇప్పుడు దానికి ఉచిత ఆపరేషన్లు ఉన్నవి. మూసుకుపోయిన గర్భనాళము కూడా జబ్బే గాని శాపము కాదు.

ప్రియులారా, బిడ్డ దేవుని వరమని మనం నమ్ముతున్నాము. ఆ వరము కొరకు ఎదురుచూసే ఇంటిని అప్పు ముంచివేయకుండా కాపాడటం కూడా ఆ నమ్మికలో భాగమే. మీ సంఘములో ఇలాంటి జంట ఉంటే, ఈ వారము వారి ఇంటికి వెళ్ళండి. సలహాలు మోసుకుని వెళ్ళవద్దు, ఎవరు పుట్టారని అడగవద్దు. కూర్చుని, వారు పెట్టిన టీ త్రాగి, వారు చెప్పితే వినండి. ఆ రెండవ సగము వారు మీతో చెప్పగలిగితే వారి బరువు కొంత దిగుతుంది.

ఎదురుచూస్తున్నవారికి ఓర్పును, ఆగినవారికి సమాధానమును, నిర్ణయించుకోవలసినవారికి వివేకమును ప్రభువు దయచేయును గాక.